అక్టోబర్లో ఊళ్ళో ఉండేది ఎవరో చూసి తుఫాను వాలంటీర్ ట్రైనింగ్ ఇవ్వండి

ఒడిశాలోని మా గంజాం జిల్లాలో అక్టోబర్ అంటే ఒక పక్క దసరా హడావిడి, ఇంకో పక్క ఫోన్లో వాతావరణం మ్యాప్. అండమాన్ దగ్గర అల్పపీడనం అని వార్తల్లో ఒక్క లైన్ వచ్చిందంటే చాలు, గోపాలపూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఇంట్లో చూసినా అదే మాట. మాకు పడ్డ పెద్ద దెబ్బలన్నీ ఈ నెలవే మరి. 1999 అక్టోబర్ 17న గోపాలపూర్ దగ్గర దాటిన తుఫాను, 2013 అక్టోబర్ 12న ఫైలిన్, సరిగ్గా ఏడాది తిరిగేసరికి అదే తారీఖున హుద్‌హుద్, అది వైజాగ్ మీద పడిందనుకోండి, తర్వాత 2018 అక్టోబర్ 11న తిత్లీ. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్ళే టైమ్ ఇది, సముద్రం నీళ్ళు ఇంకా వేడిగానే ఉంటాయి, పైన గాలులు వాయుగుండాన్ని చెదరగొట్టేంత జోరుగా ఉండవు, దాంతో పుట్టింది పుట్టినట్టే బలపడిపోతుంది. ఏప్రిల్ మే నెలల్లో ఇంకో సీజన్ ఉంది, 2019 మే 3న పూరీ మీద పడిన ఫొని అప్పటిదే. కానీ మా వైపు వాళ్ళకి భయమంతా అక్టోబరే.

నేను పుట్టింది ఇచ్ఛాపురం వైపు, మెట్టింది గోపాలపూర్ పక్కన ఉన్న ఒక వేట ఊరు. ఇళ్ళల్లో తెలుగు, స్కూల్లో ఆఫీసుల్లో ఒడియా. బరంపురంలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను, ఊళ్ళో సైక్లోన్ షెల్టర్ కమిటీలో ఫస్ట్ ఎయిడ్ టీమ్‌లో ఉన్నాను. జీతం లేని పని. ఈ పని గురించి నాకో గట్టి అభిప్రాయం ఉంది, అది ఎప్పట్నుంచో రాయాలనుకుంటున్నాను, ఈసారి సీజన్ మొదలవ్వక ముందే రాసేస్తున్నాను.

ముందు 1999 గురించి. బయట వాళ్ళకి 1999 అంటే అక్టోబర్ 29న పారాదీప్, ఎరసమ వైపు పడిన సూపర్ సైక్లోన్ ఒక్కటే గుర్తు, ప్రభుత్వ లెక్కలోనే సుమారు 10 వేల మంది పోయారు. దానికి పన్నెండు రోజుల ముందే మా మీద ఒకటి పడిందని ఈ జిల్లా దాటితే చాలామందికి తెలియదు. మా అత్తగారు ఇప్పటికీ ఆ రాత్రి గురించే చెప్తారు, అప్పుడు ఊళ్ళో డాబా ఉన్నది రెండు మూడు ఇళ్ళకే, అందరూ ఆ ఇళ్ళల్లో నిలబడే తెల్లారబెట్టారట, కూర్చోడానికి చోటు లేక. ఆ ఏడాది చూసిన చావుల తర్వాతే ఒడిశా ప్రభుత్వం విపత్తుల కోసం ఓఎస్‌డీఎమ్‌ఏ అని ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది, 2001లో ఓడ్రాఫ్ అనే సహాయక దళం వచ్చింది, తీరం పొడవునా స్తంభాల మీద లేపిన సైక్లోన్ షెల్టర్లు కట్టారు, ఇప్పుడు 800కి పైగా ఉన్నాయి. 2018లో తీరంలో 122 చోట్ల సైరన్ టవర్లు కూడా పెట్టారు. ఫైలిన్ వచ్చినప్పుడు గాలి 200 కిలోమీటర్లు దాటింది, అంటే 1999 సూపర్ సైక్లోన్ అంత కాకపోయినా చాలా పెద్దదే, అయినా చనిపోయినవాళ్ళు పదుల్లోనే ఉన్నారు. దాటక ముందే ఒడిశాలో దగ్గర దగ్గర 10 లక్షల మందిని తరలించేశారు.

ఆ 10 లక్షల మందిని ఎవరు తరలించారు అని ఎప్పుడైనా ఆలోచించారా? కలెక్టర్, బీడీఓ, తహసీల్దార్, పోలీసులు, అందరూ చేశారు, కాదనను, రాత్రీ పగలూ చేశారు. కానీ ఒక బ్లాకులో ఉండే ఆఫీసు స్టాఫ్ ఎంతమంది, ఊళ్ళెన్ని? జీపులో మైకు పెట్టి ఊరు చుట్టూ తిరిగి వెళ్ళిపోగలరు, అంతవరకే. ఆ మైకు విన్న మనిషి చేత గుమ్మం దాటించేది మాత్రం పక్కింటి వాళ్ళే. ఆశా దీదీ, అంగన్‌వాడీ దీదీ, వార్డ్ మెంబరు, షెల్టర్ టీమ్ కుర్రాళ్ళు, పొదుపు సంఘాల (ఎస్‌హెచ్‌జీ) ఆడవాళ్ళు. టీవీలో చూపించేది పడవల్లో జనాన్ని లాగుతున్న రెస్క్యూ. అది చాలా గొప్ప పని, కానీ నా లెక్కలో అసలు రెస్క్యూ అంతా తుఫాను ముందురోజు పొద్దున్న నుంచి సాయంత్రం దాకానే అయిపోతుంది, ఎండ కాస్తుండగానే అవుతుంది, ఎవరూ ఫోటో తీయరు.

మా దగ్గర అది ఎలా జరుగుతుందో చెప్తాను. మా టీమ్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి షెల్టర్ బీరువాలో ఉంచుతాం. అందులో వీధి వారీగా ఇళ్ళు, ప్రతి ఇంటికీ ఎదురుగా ఎవరున్నారు, కడుపుతో ఉన్నవాళ్ళు, పురుటి బిడ్డలు, మంచం మీద ఉన్నవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, ఫిట్స్ ఉన్నవాళ్ళు, చూపు ఆననివాళ్ళు. గోడ ఏంటి, మట్టిదా, ఆస్బెస్టాస్ రేకా, స్లాబా. ఇంట్లో మగవాళ్ళు వేటకి ఏ బోటు మీద వెళ్ళారు, ఆ బోటు వాళ్ళ నంబరు. ఈ నోట్‌బుక్ అప్‌డేట్ చెయ్యడం ఎవరికీ ఇష్టం ఉండని పని, కానీ వాతావరణ శాఖ వాళ్ళు 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్ అని, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్ అని ఇచ్చినప్పుడు ఈ పుస్తకం ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా తెలిసిపోతుంది. పుస్తకం ఉంటే ముందుగా ఏ తలుపు కొట్టాలో తెలుస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళని డేట్ దగ్గరుంటే షెల్టర్‌కి కాదు, నేరుగా ఆసుపత్రికి పంపించెయ్యాలి, రోడ్డు మీద చెట్లు పడకముందే. ఇన్సులిన్ ఐస్ డబ్బాలో పెట్టాలి. మంచం మీద ఉన్నవాళ్ళకి స్ట్రెచర్, స్ట్రెచర్‌కి నలుగురు మనుషులు, ఆ నలుగురూ ఆ రోజు ఊళ్ళో ఉండాలి.

తలుపు కొడితే వెంటనే వచ్చేస్తారనుకోకండి. మా వీధి చివర ఒక పెద్దత్త ఉంది, వరసకి అత్త, ఒక్కతే ఉంటుంది, మేకలు, ఎండుచేపల వ్యాపారం. గులాబ్ తుఫాను అప్పుడు, అది 2021 సెప్టెంబర్ 26, ఆవిడ దగ్గరికి వెళ్తే గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఎండుచేపలు గోనెసంచుల్లో కుక్కుతోంది. "పైలీనుకే నాను కదల్నేదు, దీనికేటొస్తానే? నా మేకల్ని ఎవులు సూస్తారు, మీ సెల్టరోడు సూస్తాడా?" అంది. అప్పటికే మైకులో ఒడియాలో రెండుసార్లు చెప్పి వెళ్ళారు, ఆవిడకి ఒడియా అర్థం కాక కాదు, సంతలో ఒడియాలోనే బేరం ఆడుతుంది. కానీ మైకు చెప్పేది ఊరందరికీ, ఆవిడకి కావాల్సింది ఆవిడ మేకల గురించిన జవాబు. నా తోడు వచ్చిన అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం) భయపెట్టలేదు, చచ్చిపోతావు అనలేదు. ఆ మాట మా దగ్గర పనిచెయ్యదు, సముద్రం మీద బతికే వాళ్ళకి చావు పేరు చెప్పి కదిలించలేం. గోనెసంచి మూతి పట్టుకుని కూర్చుంది, ఆవిడతో పాటే చేపలు కుక్కింది, నాలుగు సంచులూ టార్పాలిన్‌లో చుట్టి పైన బొగ్గుతో ఆవిడ ఇంటి గుర్తు వేసింది. తర్వాత మేకల్ని తాళ్ళకి కట్టి షెల్టర్ కింద స్తంభాల దగ్గరికి తోలుకెళ్ళింది. మేకలు ముందు వెళ్తుంటే పెద్దత్త వెనకాల తనంతట తనే నడిచి వచ్చేసింది, పెట్టె మాత్రం నా చేతికిచ్చి. అందుకే ట్రైనింగ్‌లో చెప్పే ఫస్ట్ ఎయిడ్, తాళ్ళు, లైఫ్ జాకెట్లు అన్నీ అవసరమేనంటాను, కానీ ఏ ఇంట్లో మనిషి దేనికోసం ఆగిపోతుందో తెలిసినవాళ్ళు టీమ్‌లో ఉండటం అన్నిటికంటే ముందు.

ఒకరు మేకల కోసం ఆగిపోతారు, ఇంకొకరు బోటు ఇంజిన్ కోసం. ఫైబర్ బోట్లు పైకి లాగి ఒకదానికొకటి కట్టేస్తారు, ఇంజిన్ మాత్రం విప్పి ఇంటికి తెస్తారు, లక్ష రూపాయల పైన ఖరీదు, అప్పు తీరి ఉండదు, దాన్ని వదిలి ఎవరు వస్తారు? అందుకని ఇప్పుడు ఇంజిన్లన్నీ ఒక స్లాబు ఇంట్లో పెట్టి తాళం వేసి తాళంచెవి టీమ్ దగ్గర పెడుతున్నాం. ఇంకా కొంతమంది ఆడవాళ్ళు షెల్టర్‌కి రాకపోవడానికి కారణం అడిగితే చెప్పరు, నాలాంటి ఆడదానితోనే మెల్లిగా చెప్తారు, బాత్రూమ్. అందరూ మగవాళ్ళ మధ్య, తలుపు గడియ లేని బాత్రూమ్, నెలసరి టైమ్. షెల్టర్ గోడ ఎంత గట్టిగా ఉన్నా గడియ లేకపోతే సగం మంది ఆడపిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు. ఇది చిన్న విషయం కాదండీ, ప్రాణం విషయం. ప్రతి ఏడాదీ సీజన్ ముందు మేము మొదట చూసేది ఆ గడియలు, తర్వాతే జనరేటర్.

షెల్టర్లో రాత్రి గురించి ఎక్కువ రాయను, అది అనుభవించినవాళ్ళకి తెలుసు. అటుకులు బెల్లం, పిల్లల ఏడుపు, తడి బట్టల వాసన. కానీ ఒక్క విషయం చెప్పాలి, కన్ను. తుఫాను కేంద్రం సరిగ్గా మన మీదుగా వెళ్తే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, వాన తగ్గుతుంది, ఆకాశంలో చుక్కలు కూడా కనిపించొచ్చు. అయిపోయింది అనుకుని మగవాళ్ళు బోట్లు చూసొస్తామని లేస్తారు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది, మా తీరంలో అయితే ముందు ఈశాన్యం నుంచి కొట్టింది తర్వాత నైరుతి నుంచి కొడుతుంది, మొదటి గాలికి సగం వంగిన గోడలూ చెట్లూ రెండో గాలికి విరిగి పడతాయి, ఎగిరే రేకులు కత్తుల్లాంటివి. ఆ టైమ్‌లో తలుపు దగ్గర నిలబడి ఎవర్నీ బయటికి పంపకపోవడమే ఒక వాలంటీర్ డ్యూటీ. మా టీమ్‌లో ఆ డ్యూటీ ఎప్పుడూ ఊరి పెద్దమనిషిలాంటి ఒక మావకి ఇస్తాం, ఆయన నోరు విప్పి కూర్చో అంటే కుర్రాళ్ళు కూర్చుంటారు, ఇరవై ఏళ్ళ వాలంటీర్ చెప్తే తోసుకుని వెళ్ళిపోతారు. వయసు కూడా పనికొచ్చే చోటు అది.

ఉప్పెన సంగతి కూడా కలిపి చెప్తాను, తుఫాను తీరం దాటిన చోటుకి కుడి పక్కన, అంటే మాకు ఈశాన్యం వైపు ఉన్న ఊళ్ళకి సముద్రం ఎక్కువ పొంగుతుంది, అటు గాలి నీళ్ళని ఒడ్డుకి తోస్తుంది కాబట్టి. కాబట్టి టీవీలో బాణం గుర్తు కాస్త దక్షిణంగా పోయింది, మనం బతికాం అనుకోవడం తప్పు.

తుఫాను అంటే సముద్రం పక్కవాళ్ళకే అనే నమ్మకాన్ని తిత్లీ పోగొట్టింది. అది పలాస దగ్గర తెల్లవారుజామున తీరం దాటింది, గాలి 140, 150 కిలోమీటర్లు, ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలు నేలకి ఒరిగిపోయాయి, మా పుట్టింటివాళ్ళ చుట్టాలు ఇంకా ఆ తోటల గురించి మాట్లాడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. కానీ ఒడిశాలో ఎక్కువమంది పోయింది తీరంలో కాదు, కొండల్లో, గజపతి జిల్లాలో. మహేంద్రగిరి చుట్టూ ఉన్న కొండల మీద ఆ మేఘమంతా కుమ్మరించింది, వంశధార, మహేంద్రతనయ పొంగాయి, బరఘర అనే ఊళ్ళో వానకి తట్టుకోలేక కొండ గుహలాంటి చోట తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడి పది మందికి పైగా చనిపోయారు. వాళ్ళు అజాగ్రత్తగా ఉన్నవాళ్ళు కారు. వానకి తడవకుండా దాక్కున్నారు. ఆ చోటు ప్రమాదమని చెప్పేవాళ్ళు ఆ పూట అక్కడ లేరు.

అక్కడ సవర గిరిజనుల ఊళ్ళు, కాశీనగర్, పర్లాకిమిడి వైపు తెలుగు వాళ్ళూ ఉంటారు, షెల్టర్లూ సైరన్ టవర్లూ తీరంలోనే ఉంటాయి, కొండల్లో ఉండవు. కాబట్టి కొండ ఊళ్ళలో వాలంటీర్లకి నేర్పాల్సింది వేరే. వాగు నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రగా బురదగా మారడం, లేదా జోరు వానలో కూడా వాగు తగ్గిపోవడం, అంటే పైన ఎక్కడో మట్టి అడ్డం పడిందని అర్థం, వాలు మీద నేల పగుళ్ళు, చెట్లూ కరెంటు స్తంభాలూ పక్కకి ఒరగడం, లోపలి నుంచి ఉరుములాంటి చప్పుడు, ఇవి చూసినవెంటనే వాలు కింద నుంచీ వాగు దారిలోంచీ పక్కకి వెళ్ళిపోవాలి, సామాను కోసం ఆగకూడదు. సవర భాషలో ఇది చెప్పగలిగే మనిషి ఊరికొకరు ఉండాలి, బయట నుంచి వచ్చిన మాస్టారు ఒడియాలో ఒక పూట చెప్పి వెళ్తే సరిపోదు.

తుఫాను దాటాక జరిగే చావుల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు కోపం వచ్చేది అక్కడే. గాలి ఆగింది కదా అని అందరూ ఒక్కసారి బయటికి వస్తారు, కత్తులు గొడ్డళ్ళు పట్టుకుని చెట్లు కొట్టడం మొదలెడతారు. వేళ్ళతో సహా పడిపోయిన చెట్టుని మధ్యలో నరికితే ఏమవుతుందో చూశారా? అటువైపు బరువు పోగానే మొదలు వేర్ల మట్టితో సహా ధడేలున లేచి తిరిగి నిలబడిపోతుంది, ఆ గోతిలో పిల్లాడు ఆడుకుంటుంటే అంతే సంగతులు. వంగి బిగుసుకున్న కొమ్మ అయితే నరకగానే స్ప్రింగులా మొహం మీదికి కొడుతుంది. అందుకే పవర్ సా, అంటే మెషీన్ రంపం, పట్టుకున్న మనిషితో ఇంకో మనిషి ఉండాలి, నరకడు, చూస్తూ ఉంటాడు అంతే, ఏది ఎటు కదులుతుందో అరిచి చెప్పడమే ఆయన పని. మా ఊళ్ళో వేట కుర్రాళ్ళకి ఈ బిగువు లెక్క తొందరగా అర్థమవుతుంది, వలతాడు లాగే చేతులు కదా. ముడులు నేర్పడానికి వచ్చిన సార్ కూడా మా తాతల దగ్గర రెండు ముడులు కొత్తగా నేర్చుకుని వెళ్ళారు.

కరెంటు తీగ పడి ఉంటే అది చచ్చిందని ఎవరూ అనుకోవద్దు. లైన్లో కరెంటు లేకపోయినా ఎవరో ఒకరు ఇంట్లో జనరేటర్ పెట్టి మెయిన్ ఆఫ్ చెయ్యకుండా ఇంటి లైన్‌కి కలిపేస్తారు, అది వెనక్కి తీగలోకి వెళ్ళిపోతుంది, స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కి కొట్టేస్తుంది. జనరేటర్‌ని గదిలో పెట్టి తలుపులేసుకుని పడుకునేవాళ్ళు ఉన్నారు, ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది, నిద్రలోనే పోతారు. నీళ్ళు తగ్గాక ఇళ్ళల్లోకి పాములు వస్తాయి, నాగుపాము కనిపిస్తుంది కానీ కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, పొద్దున్నకి కళ్ళు మూతలు పడిపోతుంటే అప్పుడు తెలుస్తుంది. గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో లాగొద్దు, మంత్రం దగ్గరికి తీసుకెళ్ళి టైమ్ పోగొట్టొద్దు, కరిచిన కాలు కదలకుండా పట్టుకుని విరుగుడు మందున్న ఆసుపత్రికి వెళ్ళాలి. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి నీళ్ళ గురించి కూడా నేనే చూస్తాను, బావుల్లో బ్లీచింగ్, ఇంటింటికీ నీళ్ళు శుద్ధి చేసే హాలజన్ బిళ్ళలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఫైలిన్ తర్వాత మా వైపు చాలా ఊళ్ళకి వారాల తరబడి కరెంటు లేదు, మోటారు లేకపోతే ట్యాంకు నీళ్ళు లేవు, అప్పుడు మూతలేని బావే దిక్కు.

ఇప్పుడు నా అసలు మాటకొస్తాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మా కుర్రాళ్ళు అప్పుడు ఇంటి దగ్గర ఉంటారు. ట్రైనింగులు, మాక్ డ్రిల్లులు అన్నీ కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే పెడతారు, వర్షాకాలం ముందు కాబట్టి పెట్టడం సబబే. టీమ్‌లో పేరు రాయమంటే అందరూ చదువుకున్న కుర్రాళ్ళ పేర్లే రాస్తారు, ఈత వచ్చు, బలం ఉంది, ఫోన్ వాడతాడు. ఫోటోలు తీస్తారు, సర్టిఫికెట్లు ఇస్తారు. జూలై, ఆగస్టు వచ్చేసరికి ఆ కుర్రాళ్ళు చెన్నై, కేరళ, గోవా బోట్ల మీదికి వెళ్ళిపోతారు, లోపలి ఊళ్ళ వాళ్ళైతే సూరత్ మగ్గాల దగ్గరికి, గంజాం నుంచి సూరత్ వెళ్ళని ఇల్లు వెతకాలి. అక్టోబర్లో తుఫాను వచ్చే రోజు ఊళ్ళో ఉండేది ఎవరు? ఆడవాళ్ళు, నలభై ఐదు దాటిన మగవాళ్ళు, ముసలివాళ్ళు, స్కూలు పిల్లలు. రబ్బరు ట్యూబులూ తాళ్ళూ వాడటం వచ్చినవాడు సూరత్‌లో ఫోన్ పట్టుకుని ఏడుస్తూ ఉంటాడు, బీరువాలో పవర్ సా పెట్రోల్ లేకుండా ఉంటుంది. ఇది వాళ్ళ తప్పు కాదు, ఇక్కడ కూలి చాలక వెళ్తున్నారు. తప్పు పేర్లు రాసే పద్ధతిలో ఉంది.

కేంద్రం వాళ్ళ ఆపద మిత్ర పథకం ఉంది, 2016లో 30 జిల్లాల్లో మొదలుపెట్టారు, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి నేర్పాలని పెంచారు, 12 రోజుల ట్రైనింగ్, కిట్ ఇచ్చారు. మంచి పథకం, నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను. మా జిల్లాలోనే వెంకట్రాయ్‌పూర్ ఊరుకి 2020లో యునెస్కో సునామీ రెడీ గుర్తింపు వచ్చింది, జగత్‌సింగ్‌పూర్‌లోని నోలియాసాహితో పాటు, మన దేశంలో మొదటగా గుర్తింపు దొరికిన రెండు ఊళ్ళు అవే. వేట ఊళ్ళు ఇలాంటివి చెయ్యగలవని లోకానికి తెలిసింది. నేను అడిగేది ఒక్కటే, ప్రతి ఊరి టీమ్‌లో సగానికి పైగా ఏడాది పొడవునా ఊళ్ళోనే ఉండేవాళ్ళు ఉండాలి. అంటే మా ఊళ్ళల్లో ఆడవాళ్ళే. స్ట్రెచర్ మోయలేరు అంటారా, నీళ్ళ బిందెలూ చేపల గంపలూ నెత్తిన పెట్టుకుని ఇసకలో నడిచేవాళ్ళు మోయలేరా? మా టీమ్‌లో ఆరుగురు ఆడవాళ్ళం స్ట్రెచర్ మోయడం నేర్చుకున్నాం, నలుగురి బదులు ఆరుగురం పడతాం, అంతే. పవర్ సా కూడా మా అప్ప నేర్చుకుంది, మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు కొమ్మ పడితే ఆవిడ కోసం కబురు పంపుతున్నారు. ఇంకోటి, సెప్టెంబర్ చివర్లో ఒక ఆదివారం ఇంకో చిన్న డ్రిల్ పెట్టుకోవాలి, పైనుంచి ఆర్డర్ రాకపోయినా సరే, అప్పుడు ఊళ్ళో ఎవరుంటారో వాళ్ళతోనే. నోట్‌బుక్ అప్పుడే సరిచెయ్యాలి, జనరేటర్ అప్పుడే తిప్పి చూడాలి, టార్చి బ్యాటరీలు అప్పుడే మార్చాలి. ఈ ఏడాది మేమది మొదలుపెడుతున్నాం, పక్క రెండు ఊళ్ళవాళ్ళు కూడా వస్తామన్నారు.

ఇది చదివేవాళ్ళలో గంజాం, గజపతి, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి హైదరాబాద్‌లోనో సూరత్‌లోనో చెన్నైలోనో ఉన్నవాళ్ళు ఉంటారు, అమ్మానాన్నలు ఊళ్ళో ఉంటారు. మీకు చేతనైన పని ఒకటి ఉంది, అది మా వాలంటీర్లు చెయ్యలేరు. వార్నింగ్ వచ్చిన రోజు, అంటే తుఫాను ముందురోజు పొద్దున్నే, అమ్మకి ఫోన్ చెయ్యండి. సాయంత్రానికి టవర్లు పనిచెయ్యవు, లైన్లు దొరకవు, అప్పుడు చేసి లాభం లేదు. "జాగ్రత్తమ్మా" అని పెట్టెయ్యొద్దు. అమ్మ దేనికోసం ఆగిపోతుందో మీకే తెలుసు, దాని గురించి మాట్లాడండి, గేదె తాడు విప్పెయ్యమనండి, పట్టా కాగితాలూ ఆధార్ కార్డూ ప్లాస్టిక్ కవర్లో పెట్టి నడుముకి కట్టుకోమనండి, బీపీ బిళ్ళలు ఒక వారానికి సరిపడా తీసుకోమనండి, పక్కింటి వాళ్ళకి ఫోన్ ఇవ్వమని వాళ్ళతో కూడా ఒక మాట మాట్లాడండి. షెల్టర్‌కి చేరాక మిస్డ్ కాల్ ఇవ్వమనండి. రాకపోతే జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్రానిది 1070, మీరు వేరే రాష్ట్రంలో ఉంటే 1077కి ముందు మన జిల్లా ఎస్‌టీడీ కోడ్, 1070కి ముందు మన రాష్ట్ర రాజధాని కోడ్ కొట్టాలి, ఇప్పుడే సేవ్ చేసుకోండి. అలాగే మీ ఊరి షెల్టర్ టీమ్‌లో ఒకరి నంబరు కూడా ఈ వారంలోనే అడిగి తీసుకోండి, ఆ నోట్‌బుక్‌లో మీ అమ్మ పేరు ఉందో లేదో వాళ్ళని అడగండి, లేకపోతే రాయించండి.